తలుపు మీది కాగితం

సోఫియా,
సెప్టెంబరు

అక్కా,

ఈసారి అరవడానికి కాదు, అడుక్కోవడానికి రాస్తున్నాను. మధ్యలో అరుపు వస్తే అది అలవాటు, పట్టించుకోకు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "కాగితం మీద అరవరా ప్లామెన్, నా చెవులు మిగుల్తాయి" అని పెట్టేస్తావు. సరే, కాగితం మీదే అరుస్తాను.

మిరపకాయలు కాల్చి సీసాలకెత్తడంలో సాయం చేస్తానని నీ దగ్గరికి వచ్చిన నా కూతురు నిన్న నాకో కార్డు పంపింది. కార్డు మీద మీ విడిన్ కోట బొమ్మ. వెనక నాలుగు ముక్కలు. "నాన్నా, వియన్నా మీద మనసు పోవడం లేదు. మనోల్ బాబాయి దుకాణంలో చేరదామనుకుంటున్నాను. తలుపు కాగితాలు రాయడానికి. కోప్పడకు."

కోప్పడకు అట! మనోల్ దుకాణమంటే ఏమిటి? తాళంచెవులు చేస్తాడు, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు, చావుకాగితాలు అచ్చేస్తాడు. మన దేశంలో మనిషి పోతే ఫోటో, పేరు, చుట్టూ నల్ల అంచు. ఇంటి తలుపు మీద, కరెంటు స్తంభం మీద, బస్‌స్టాపు మీద. పోయిన రోజుకొకటి, నలభయ్యో రోజుకొకటి, ఆర్నెల్లకొకటి, ఏడాదికొకటి. బతికున్నప్పటి కంటే చచ్చాకే మనిషి వీధిలో ఎక్కువ కనిపిస్తాడు. ఊళ్లో ఫ్యాక్టరీలన్నీ మూతబడ్డాక మిగిలిన ఏకైక పరిశ్రమ ఇది. దీనికి నా కూతురు కావాలా?

బిల్యానా డాక్టరేటు దేనిలోనో నీకు గుర్తు చేయాలా? రోమన్ల నాటి రాళ్ల మీద అరిగిపోయిన అక్షరాన్ని వేలితో తడిమి చదవగల మనుషులు ఈ దేశంలో ఎంతమంది? అలాంటిదాన్ని వియన్నా వాళ్లు పిలిచి, కుర్చీ వేసి, ఐదేళ్లు కదలకుండా కూర్చుని రాళ్లు చదవమంటున్నారు. ఏడాది చివరిలోగా జవాబివ్వాలి. ఇది మాత్రం ఒక ఏడు గైడ్ అవుతానంటుంది, ఒక ఏడు నర్సింగ్ చదువుతానంటుంది, ఇప్పుడిది. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. వాళ్లమ్మకు ఫోన్ చేస్తే వార్నాలో కొత్త మొగుడి పక్కన కూర్చుని "దాని ఇష్టం" అంది. ఇష్టం అనేది చాలా తేలికైన మాటక్కా, మోసేది మనం కానప్పుడు.

నా మాట వినదు. నీ మాట వింటుంది. వద్దని చెప్పు. ఇంతే అడుగుతున్నాను.

నీ తమ్ముడు
ప్లామెన్


విడిన్,
అక్టోబరు మొదట్లో

ఒరేయ్ ప్లామెన్,

నీ ఉత్తరం పోస్టువాడు చేతికిస్తుంటేనే వేడిగా తగిలింది. పత్రికలో రాసే గొంతుతో ఇంట్లోవాళ్లకు రాయకురా. నేను నీ పాఠకురాలిని కాదు, చిన్నప్పుడు నీ ముక్కు తుడిచినదాన్ని.

వద్దని చెప్పమన్నావు. చెప్పేముందు ఆ పని ఏమిటో చూద్దామని మనోల్ దుకాణానికి వెళ్లాను. మూల కుర్చీలో కూర్చోబెట్టారు. బిలీ బల్ల వెనక కూర్చునుంది, తలకు ఆ పసుపు గుడ్డ కట్టుకుని. ఒకావిడ వచ్చింది, మొన్న పోయిన ట్రాక్టర్ మెకానిక్ భార్య. పెళ్లి ఫోటోలోంచి మొగుణ్ణి కత్తిరించి తెచ్చింది. భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలిపోయింది.

"ఆ చెయ్యి తీసెయ్యమ్మా," అంది.

"ఎవరిదండీ?" అంది బిలీ.

"నాదే."

"ఉంచేద్దామండీ."

"చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"మీ చెయ్యనుకుంటారు."

ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు. తర్వాత బిలీ అడిగింది: "ఆయన మిమ్మల్ని దేనికి ఎక్కువ తిట్టేవారు?" నేను కుర్చీలోంచి సగం లేచాను, ఇదేం ప్రశ్న అని. ఆవిడ మాత్రం ఠక్కున "ఉప్పుకి" అంది. పులుసులో ఉప్పు ఎక్కువైందని ముప్పై ఏళ్లూ తిట్టాడట. కాగితం మీద పేరు కింద ఏం వేసిందో తెలుసా? "ఉప్పు ఎక్కువైందని ఇంక ఎవరూ అనరు." అంతే. "మరువలేము" లేదు, "స్వర్గస్థులైన" లేదు. మర్నాడు అది అతికించిన స్తంభం దగ్గర జనం ఆగి చదివారు. నేనూ చదివాను.

నీ తరఫున నీ ప్రశ్నలన్నీ దాన్ని అడిగాను. చదువు ఏం కావాలి, వియన్నా ఏం కావాలి, ఈ ఊళ్లో పెళ్లీడు మగాడెవడున్నాడు, అన్నీ. నవ్వి, "అత్తా, మిరపకాయ మాడుతోంది చూడు" అంది. ఈ ఏడు సీసాలు తక్కువే పెట్టాం. నాకు పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడాలని లేదు.

వద్దని మాత్రం చెప్పలేదు. చెప్పలేకపోయాను అనుకో. నీకు కుదిరినప్పుడు వచ్చి చూడు. తలుపు తీసే ఉంటుంది, వచ్చినప్పుడల్లా బాదినట్టు బాదకు.

నెవెనా


సోఫియా,
అక్టోబరు చివర

అక్కా,

ఉప్పు! పదమూడేళ్ల చదువు పులుసులో ఉప్పు దగ్గరికొచ్చి ఆగింది. నువ్వేమో ఆ మూల కుర్చీలో కూర్చుని కరిగిపోయావు. నిన్ను పంపింది కరగడానికి కాదు.

నేను చెప్పేది వినండి ఇద్దరూ. ఒక దుఃఖానికి చక్కటి వాక్యం రాసి అతికిస్తే ఏమవుతుంది? దుఃఖం కాస్త అందంగా కనిపిస్తుంది. జనం "అయ్యో, ఎంత బాగా రాసింది" అనుకుని ఇంటికి పోతారు. ఆ మెకానిక్ ఎందుకు పోయాడు? అరవై నిండకుండా ఎందుకు పోయాడు? అంబులెన్సు ఏ ఊరి నుంచి రావాల్సొచ్చింది? మీ ఊళ్లో రసాయన ఫ్యాక్టరీ పాత ఇనుము కింద అమ్ముకున్నదెవరు, పిల్లల్ని స్పెయిన్ తోటలకి, జర్మనీ వృద్ధాశ్రమాలకి తోలిందెవరు? సంతకాలు పెట్టినవాళ్ల మొహాలు ఏ స్తంభం మీదా ఎందుకుండవు? వాళ్ల ఫోటోలకు నల్ల అంచు వెయ్యమను, రేపు పొద్దున బండెక్కి వచ్చి నేనే జిగురు పూస్తాను. చచ్చినవాళ్ల నలభయ్యో రోజు గుర్తుంటుంది మనకి. చంపినవాళ్లకు నాలుగో రోజే ఓటేస్తాం.

ఇంక ఆ కాగితాల మీద గుర్తుల గోల ఒకటి. నమ్మినవాడికి శిలువ, పార్టీవాడికి నక్షత్రం, ఎటూ కానివాడికి ఆకు. చచ్చినా వరసలో నిలబడాల్సిందే! ఈ గోడల పంటకు నా కూతురు ఎరువు కాకూడదు.

ఇదంతా నీకు రాయడం దండగని ఆదివారం సంచికకు కూడా పంపాను. విడిన్ పేరు పెట్టాను. బిల్యానా పేరు పెట్టలేదు, "బాగా చదువుకున్న ఒక యువతి" అన్నాను. పేరు లేకపోతే నొప్పి ఉండదు.

ప్లామెన్


విడిన్,
నవంబరు

ప్లామెన్,

పేరు లేకపోతే నొప్పి ఉండదా! ఈ ఊళ్లో బాగా చదువుకున్న యువతులు ఎంతమంది ఉన్నారనుకున్నావు?

ఆదివారం నీ వ్యాసం వచ్చింది. సోమవారం పొద్దున మన ఇంటి ఎదుట స్తంభం మీద ఒక కాగితం వెలిసింది. నల్ల అంచు, నీ ఫోటో. పత్రికలోంచి కత్తిరించినట్టున్నారు, ఆ గెడ్డం చేతికి ఆనించుకుని ఆలోచిస్తున్న ఫోటో. కింద ఇలా ఉంది: "ప్లామెన్. పద్దెనిమిదో ఏట సోఫియాలో దివంగతుడయ్యాడు. ఊరి చావులకు రాలేదు, ఊరి గురించి రాశాడు. దుఃఖించువారు: లేరు." నువ్వు ఊరొదిలింది పద్దెనిమిదో ఏటే కదా. శిలువా లేదు, నక్షత్రమూ లేదు. గుర్తు ఉండాల్సిన చోట ఒక పెన్ను బొమ్మ.

నాకు నవ్వొచ్చింది, దాచను. పైగదిలో కిటికీలోంచి చూసి నవ్వాను. తర్వాత బిలీని చూశాను. చలిలో, స్వెట్టరైనా వేసుకోకుండా, వంటింటి కత్తితో ఆ కాగితాన్ని గీకుతోంది. జిగురు గట్టిది, మనోల్ దుకాణం జిగురే మరి. నీ గెడ్డం వచ్చింది గానీ కళ్లు రాలేదు, అవి ఇంకా స్తంభానికే ఉన్నాయి. దారినపోయే మంగలి కామెన్ ఆగి, "మీ నాన్న తప్పేం రాయలేదమ్మా. కాకపోతే స్టేషన్‌లో దిగి, ఒక కాఫీ తాగి రాయొచ్చుగా," అన్నాడట. "కాఫీ నేనిప్పిస్తా బాబాయ్, కాస్త ఆ మూల గీకిపెట్టు," అందట ఇది.

పైకొచ్చాక చేతులు ఎర్రగా కమిలిపోయాయి. వేడినీళ్లలో పెట్టమన్నాను. నిన్ను తిడుతుందేమోనని చూశాను. "నాన్న చెప్పింది నిజమే అత్తా," అంది. "అందరికీ ఒకే 'మరువలేము' అంటించడం చచ్చినవాళ్లని అవమానించడమే. అందుకేగా నేనక్కడ కూర్చుంది."

నీ వాదన నీ కూతురు చేతిలో ఎలా తిరిగిందో చూసుకో.

నేను రకియా మానేశాను. ఈ ఏడాది ఆ సారా రుచి తెలియడం లేదు. బాగానే ఉన్నాను. నువ్వు మాత్రం ఆ పిల్లకి ఒక మంచి మాట రాయి. ఒక్కటి చాలు.

నెవెనా


విడిన్,
డిసెంబరు మొదట్లో

నాన్నా,

అత్త నువ్వు రాస్తావని ఎదురుచూస్తోంది. నువ్వు రాయవని నాకు తెలుసు. కోపంలో ఉన్నప్పుడు నీకు లోకమంతటికీ రాయగలిగే ఓపిక ఉంటుంది, ఇంటికి తప్ప. అందుకని నేనే రాస్తున్నాను.

ఇక్కడికి దగ్గర్లో దొరికిన ఒక రాయి మీద నేను నాలుగేళ్లు పనిచేశాను, గుర్తుందా? ఒక తండ్రి చనిపోయిన కూతురికి వేయించిన రాయి. దారినపోయేవాడిని పిలిచి "కాసేపు ఆగు" అంటాడందులో. ఆ అక్షరాలు ఏ కాలానివో, రాయి ఏ గనిదో, ఆ మాట ఇంకే ఊళ్ల రాళ్ల మీద ఉందో అన్నీ రాశాను. పెద్దలు మెచ్చుకున్నారు. నువ్వు మొదటి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టావు. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది, అంతమందిలో ఎవరూ ఆగలేదని. నేనూ ఆగలేదు. ఆ పిల్ల పేరు పక్కన ఒక నంబరు వేసి ముందుకు పోయాను.

నాకు నిలకడ లేదంటావు. నిజమే, లేదు. నేను రాసే వాక్యం కోసం ఎవరైనా ఎదురుచూస్తారా అని చోటు వెతుక్కుంటూ తిరిగాను. ఇక్కడ ఒక మనిషి టోపీ చేతిలో పట్టుకుని బల్ల ముందు నిలబడి ఎదురుచూస్తాడు. నేను తప్పు రాస్తే అతను రోజూ ఆ తప్పు ముందు నుంచే రొట్టె కొనుక్కోవడానికి వెళ్లాలి. ఆ భయం నాకు ఏ గ్రంథాలయంలోనూ కలగలేదు.

ఇదంతా చెప్పి, వియన్నాకు వద్దని రాసేశాననుకోకు. వసంతం దాకా గడువివ్వమని అడిగాను. ఆ రాళ్లంటే నాకు ఇష్టం పోలేదు. ఒక్కోరోజు వేళ్లు వాటికోసం తపిస్తాయి. నిజంగా తేల్చుకోలేకపోతున్నాను. నువ్వు అరవకుండా ఉంటే నీతో మాట్లాడి తేల్చుకునేదాన్ని.

ఇప్పుడే ఊరు వదలలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది నాది కాదు, కాబట్టి చెప్పలేను. అడగకు.

బిల్యానా


సోఫియా,
డిసెంబరు

అక్కా,

ఎవడు వాడు?

"ఇంకో కారణం ఉంది, అది నాది కాదు" అట. నేను నిన్న పుట్టలేదు. పెళ్లైనవాడా? మనోల్ కొడుకా? కామెన్ మంగలి షాపులో ఎవడైనా కుర్రాడా? ఇంతసేపూ రోమన్ రాళ్లు, టోపీలు, రొట్టెలు అని నాకు కథలు చెప్పి, తీరా చూస్తే ఒక మగాడు! మగాడి కోసం చదువు పారేసే ఆడవాళ్ల మీద నేను ముప్పై ఏళ్లు రాశాను. నా ఇంట్లోనే ఒకతె తయారైంది. నీకు తెలిసే దాచావు.

ఇక ఊరుకునేది లేదు. వియన్నా ప్రొఫెసర్‌గారికి నేనే జర్మన్‌లో ఉత్తరం రాశాను. నా కూతురు తప్పకుండా వస్తుందని, కుటుంబ కారణాల వల్ల జవాబు ఆలస్యమైందని, గడువు మాట మరిచిపొమ్మని. సెలవులకి ముందే బండెక్కి వస్తున్నాను. పెట్టె సర్దించి నాతో తీసుకుపోతాను. దానికి ముందుగా చెప్పకు.

ప్లామెన్


విడిన్,
డిసెంబరు, సెలవుల ముందు

ఒరేయ్ తమ్ముడూ,

వాడు లేడు. ఉన్నది నేను.

మిరపకాయలకని బిలీని పిలవలేదురా. వేసవి మొదట్లోనే డాక్టరు చెప్పేశాడు. కాలేయం. ఆస్పత్రికి తోడు కావాలని పిలిచాను, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ముఖ్యంగా నీకు. నీకు చెబితే నువ్వు ఆరోగ్యశాఖ మీద వ్యాసం రాస్తావు, ఆస్పత్రి గుమ్మంలో నిలబడి అరుస్తావు, నా జబ్బు దేశం జబ్బైపోతుంది. నాకు నా జబ్బు నాకే కావాలనిపించింది. ఆ పిల్ల నా కోసం నోరు మూసుకుని, నీ తిట్లన్నీ తింది. ఇందులో తప్పు దానిది కాదు.

ఇంకొకటి చెప్పాలి, కూర్చుని చదువు. నేను రేవులో ఏం పని చేశానో నీకు తెలుసు. బల్లకట్టు మీదికి లారీలు ఎక్కుతుంటే ఏది ఎటు ఉండాలో చేత్తో చూపించడం. ఒక పక్క బరువెక్కువైతే అవతలి ఒడ్డున రొమేనియా కనిపిస్తూనే ఉంటుంది, చేరడం మాత్రం కుదరదు. వంతెన వచ్చి బల్లకట్టు ఆగిపోయాక ఆ విద్య నాకు దేనికీ పనికిరాదనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, బిలీ తేల్చుకోవాల్సిన సంగతిలో ఒక పక్కకి నేనెక్కి కూర్చున్నానని. అది మనోల్ దుకాణాన్ని కోరుకుంటోందా, నా మంచం పక్కన ఉండటానికి దుకాణాన్ని సాకు చేసుకుందా? దానికే తెలియదు. నేను దిగితే గానీ తెలియదు. దిగుతున్నాను కదా.

వియన్నాకు వెళ్లమని దానికి చెప్పాను. వెళ్లనంది. వెళ్లనన్నందుకు నేను సంతోషించాను ప్లామెన్. పైకి తిట్టి, లోపల సంతోషించాను. నువ్వు నీ గొప్ప కోసం దాన్ని అటు లాగావు, నేను నా భయం కోసం ఇటు లాగాను. నువ్వు దానికి భవిష్యత్తు అని పేరు పెట్టావు, నేను స్వేచ్ఛ అని పెట్టాను. ఇంతకీ ఇద్దరం దాన్ని ఒక్కసారైనా సరిగ్గా అడగలేదు.

వియన్నాకి నువ్వు రాసిన ఉత్తరం సంగతి నేను చెప్పను. నువ్వే చెప్పుకో.

నా కాగితం మీద శిలువ వద్దు, నక్షత్రం వద్దు. ఆకు వెయ్యమను, దానిమీద నీతో వాదించే ఓపిక లేదు. "మరువలేము" అని రాస్తే లేచొస్తాను.

రా. పెట్టె సర్దించడానికి కాదు, ఉండటానికి రా. తలుపు తీసే ఉంటుంది, బాదకు. ఇప్పుడు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను.

అక్క


సోఫియా,
మార్చి

బిలీ,

ఇంటికి చేరాను. రైల్లో కిటికీ పక్కనే కూర్చున్నాను గానీ ఏ ఊళ్లు దాటామో చూడలేదు. అక్క మఫ్లర్ నా సంచిలో వచ్చేసింది, నేను పెట్టుకోలేదు, నువ్వే పెట్టుంటావు.

ఆ ఇంట్లో చివరి వారాల్లో మనిద్దరం ఎంత తక్కువ మాట్లాడుకున్నామో ఇప్పుడు అనిపిస్తోంది. మందుల సంగతి, పక్కబట్టల సంగతి, కట్టెల సంగతి. వియన్నా మాట నువ్వెత్తలేదు, ఒక్కసారి తప్ప నేనెత్తలేదు. నేను రాసిన ఉత్తరం గురించి నీకు చెప్పిన రోజు నువ్వు "సరే" అని గిన్నె కడగడానికి వెళ్లావు. అరిచి ఉంటే బాగుండేది.

అంత్యక్రియల రోజు కాగితం మీద పేరు, తేదీలు, ఆకు తప్ప ఏమీ వేయలేదు నువ్వు. మంచిదే, తొందరలో రాయకూడదు. నలభయ్యో రోజు కాగితానికి మాటలు నేను రాసి పంపుతున్నాను, మూడు పేజీలు. ఎక్కువైతే అక్షరాలు చిన్నవి చెయ్యండి. అక్కని ఆస్పత్రికని అంత దూరం రెండు బస్సులు మార్చి తిప్పించిన వ్యవస్థ గురించి రాయకుండా ఉండలేను. ఒక్క మంచం కోసం ఆ నడవాలో నిలబెట్టినవాళ్ల గురించి రాయకుండా ఉండలేను. చదివిన ప్రతివాడికీ మంట పుట్టాలి. ఒక్క మాట మార్చకు.

నాన్న


విడిన్,
ఏప్రిల్

నాన్నా,

నీ మూడు పేజీలు వెనక్కి పంపుతున్నాను.

ఒక్కటీ అబద్ధం లేదందులో. పత్రికకు పంపు, అవసరమే. ఆ నడవాలో నేనూ నిలబడ్డాను, నాకూ మంట ఉంది. కానీ అందులో మంత్రులున్నారు, యూరప్ నిధులున్నాయి, మూసేసిన రేవుంది. అత్త లేదు. మొదటి పేజీలో "ఒక సాధారణ స్త్రీ" అని ఒక చోట వస్తుంది, ఆవిడెవరో నాకు తెలియదు.

నలభయ్యో రోజు కాగితం కూడా మాటల్లేకుండానే వేశాను. ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలు పంచుతుంటే సమాధుల దగ్గర ఇద్దరు అడిగారు, "తమ్ముడు పత్రికలో రాస్తాడు, మేనకోడలు కాగితాలు రాస్తుంది, నెవెనాకి మాత్రం మాటలు దొరకలేదా?" అని. నేను రాయగలను. రాయను. ఈ కాగితానికి నువ్వు ఖాతాదారువి, నేను బల్ల వెనక మనిషిని. అందరినీ అడిగేవే నిన్నూ అడుగుతున్నాను. ఆవిడ నిన్ను దేనికి తిట్టేది? నువ్వు వస్తున్నావని ఎలా తెలిసేది ఆవిడకి? ఇంక ఏ మాట నీతో ఎవరూ అనరు? ఆగస్టులో ఆర్నెల్లు నిండుతాయి. తొందర లేదు.

వియన్నా సంగతి. ప్రొఫెసర్‌గారికి నీ ఉత్తరం ఒకటీ నాది ఒకటీ ఒకే వారంలో చేరాయట, ఒకటి వస్తానని, ఒకటి ఆగమని. తన గురించి తానే తేల్చుకోలేని మనిషిని తీసుకోలేమని చాలా మర్యాదగా రాసి, చోటు వేరే అమ్మాయికి ఇచ్చారు. నీ ఉత్తరం కొంత, నా ఆలస్యం కొంత. పంచుకుందాం. ఆ జవాబు వచ్చిన రోజు అత్తకి ఒళ్లు తుడుస్తున్నాను. చదివి జేబులో పెట్టుకుని మళ్లీ తుడిచాను. రాత్రి ఏడ్చాను. దేనికి ఏడ్చానో వేరు చేసి చెప్పలేను.

ఇప్పుడు వియన్నా లేదు, అత్త లేదు. ఇంక నన్ను ఎవరూ ఎటూ లాగడం లేదు. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఈ నిశ్శబ్దంలో నాకు నా మాట వినిపిస్తుందని అత్త అనుకుంది. ఇంకా వినిపించలేదు.

మనోల్ బాబాయి వేసవి తర్వాత స్పెయిన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతాడట. దుకాణం తాళంచెవి తీసుకుంటావా అని అడిగాడు. వేసవి దాకా ఆగమన్నాను.

బిల్యానా


సోఫియా,
జులై

బిలీ,

ఈ కాగితం ఎన్నిసార్లు మొదలుపెట్టానో చెప్పను. ఆదివారం సంచికకు కాలమ్ నిండుగా గంటలో రాసేసేవాణ్ణి. ఇప్పుడు ఒక వాక్యం రాస్తాను, అది వెంటనే ఎవరితోనో పోట్లాడటం మొదలుపెడుతుంది. కొట్టేస్తాను. అక్క గురించి రాయబోతే చేతికి ముందు ప్రభుత్వమే వస్తుంది. ప్రభుత్వం మీద కోపం నాకు తేలిక. అక్క లేకపోవడం మీద ఎలా కోప్పడాలో తెలియడం లేదు, దానికి చిరునామా లేదు.

నువ్వు అడిగిన ప్రశ్నలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ట్రాంలో ఒకసారి "దేనికి తిట్టేది?" అని పైకే అనేశాను. పక్కావిడ సీటు మారింది.

రాళ్లు చదవమన్నాను నిన్ను. రాళ్ల మీద ఉన్నవి కూడా ఇవేనని, ఎవడో తండ్రి ఇలాగే కూర్చుని కొట్టేసుకుంటూ రాసినవేనని అప్పుడు తట్టలేదు. నువ్వు చెప్పావు. నేను చప్పట్లు కొట్టే పనిలో ఉండి వినలేదు. అంతమాత్రాన నీ దుకాణం గొప్పదని ఒప్పుకున్నాననుకోకు. ఆ ఊరు ఖాళీ అయిపోతోంది, నువ్వు దాని చివరి పేజీలు రాస్తూ కూర్చుంటావని నాకు ఇప్పటికీ భయమే. ఆ భయం నాది. దాన్ని నీ నెత్తిన పెట్టను.

నిన్ను ఎప్పుడూ అడగలేదు నేను. చెప్పాను. ఇప్పుడు అడుగుతున్నాను, వెనక ఏ జవాబూ దాచుకోకుండా: నీకు ఏం చేయాలనుంది? రాళ్లంటే రాళ్లు. వేరే ఊళ్లో, వేరే చోటు కోసం మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటానంటే ఉత్తరాలు పోస్టు చేసిపెడతాను, నేను మాత్రం రాయను. దుకాణమంటే దుకాణం. తెలియదంటే అదీ జవాబే. ఎప్పుడు తోస్తే అప్పుడు రాయి.

అక్క కాగితానికి మాటలు విడిగా చిన్న ముక్క మీద రాసి ఇందులో మడిచి పెట్టాను. బాగోకపోతే చింపెయ్. మూడు పేజీలు లేవు.

నాన్న


విడిన్,
ఆగస్టు

నాన్నా,

నీ ముక్క కవరు విప్పగానే కిందపడింది. గుమ్మంలో నిలబడి చదివాను. తర్వాత చాలాసేపు లోపలికి వెళ్లలేకపోయాను.

మార్చింది ఏమీ లేదు. కామా ఒకటి తీశాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఉంటున్నాను. మొన్న మనోల్ బాబాయి దగ్గర తాళంచెవి తీసుకున్నాను. అత్త కోసమే ఉన్నానేమోనని అత్త భయపడింది, నేనూ భయపడ్డాను. ఆవిడ లేకుండా ఈ నెలలన్నీ గడిపి చూశాను, ఇంకా పొద్దున లేచి బల్ల దగ్గరికి వెళ్లాలనే ఉంది. సంతోషమని చెప్పను. సాయంత్రాలు కష్టం. వంటింట్లో రెండో కుర్చీ తీసేద్దామని పట్టుకుని, మళ్లీ అక్కడే పెడుతుంటాను. ఆదివారాల్లో మ్యూజియం వెనక పడేసిన రాళ్లు చదువుతున్నాను, ఎవరూ అడగకుండానే.

నీ భయం నిజమే, ఊరు ఖాళీ అవుతోంది. కామెన్ బాబాయి నిన్న గెడ్డం గీస్తూ గీస్తూ, "అందరివీ రాస్తావు సరే, చివర మిగిలే ఇద్దరిలో ఒకరి కాగితం రెండోవాళ్లు అతికిస్తారు. ఆ రెండోవాళ్లది ఎవరు అతికిస్తారమ్మా?" అన్నాడట ఎవరితోనో. నాకు చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. జిగురు మాత్రం ఎక్కువే తెప్పించాను.

మిరపకాయలు వచ్చాయి. ఒక్కదాన్ని ఎన్ని కాలుస్తాను. కుదిరితే రా.

కాగితం ఈ పొద్దున నేనే అతికించాను. స్తంభానికి వేయలేదు, బస్‌స్టాపుకు వేయలేదు. ఒక్కటే వేశాను, మన తలుపు మీద. ఫోటోలో అత్త రేవులో చెయ్యెత్తి లారీని ఆపుతోంది. మిగతాది నువ్వు రాసినట్టే:

నెవెనా
ఆర్నెల్లు

"తలుపు తీసే ఉందిరా, బాదకు" అని
లోపల్నుంచి అరిచేదానివి.
అక్కా, బాదడం లేదు.
తలుపు తియ్యి.

తమ్ముడు